తీర్పు రాకముందే బిల్లా?

పోయిన శనివారం రాత్రి మన పార్సిప్పనీ వాట్సాప్ గ్రూపులో జరిగిన గొడవ చూసినవాళ్ళు చూశారు. చూడనివాళ్ళ కోసం ముందు సంగతి చెప్తాం, తర్వాత మా మాట చెప్తాం. పోస్టు పొడుగ్గానే ఉంటుంది. ఓపిక లేనివాళ్ళు వదిలెయ్యండి, ఏమీ అనుకోం.

మేం అంటే ఎవరో మీకు తెలుసు. రూట్ 46 మీద గ్యాస్ పోసేవాళ్ళం. న్యూజెర్సీలో ఎవరి కారులో వాళ్ళు పోసుకోకూడదు కదా, ఆ చట్టం పుణ్యమా అని బతుకుతున్నవాళ్ళం. కిరాణా కొట్ల వెనక బియ్యం బస్తాలు దించేవాళ్ళం. ప్రాజెక్టు అయిపోయి, తర్వాతి ప్రాజెక్టు కోసం కన్సల్టెన్సీ ఫోను కోసం ఎదురుచూసేవాళ్ళం. లేక్ హియావతాలో ఒకే అపార్టుమెంటు సముదాయంలో ఉంటాం. వంతులవారీగా పిల్లల్ని బస్టాపుకు దింపుతాం. ఈ పోస్టు ముగ్గురం కూర్చుని రాశాం, అందుకే 'మేం'.

సంగతి ఇది. మాకు బాగా తెలిసిన ఇంట్లో ఒక కుర్రాడున్నాడు. పదహారేళ్ళు. ఒక రాత్రి స్నేహితులతో కారెక్కాడు. ఆ కారు దొంగిలించిందట. పోలీసులు ఆపారు, నలుగురినీ పట్టుకున్నారు. తనకు తెలియదంటాడు వాడు. తెలుసో తెలియదో తేల్చాల్సింది కోర్టు, మేం కాదు, మీరూ కాదు. కేసు ఇంకా నడుస్తోంది. ఆ ఇంటివాళ్ళను అడిగి, ఆనవాళ్ళు మార్చి రాస్తున్నాం. ఎవరో ఊహించే పని పెట్టుకోకండి.

ఆ రాత్రి వాణ్ని ఇంటికి పంపలేదు. మర్నాడు పొద్దున్నే జడ్జి ముందు పెట్టారు. పిల్లల కేసుల్లో ఇక్కడ డబ్బు కట్టి విడిపించుకునే బెయిలు లేదు. వీణ్ని బయట ఉంచితే ఊరికి ప్రమాదమా, పిలిస్తే కోర్టుకు వస్తాడా రాడా, ఇవే చూస్తారు. జడ్జి చూసి ఇంటికి పంపారు. బడి, ఇల్లు, మళ్ళీ బడి. సాయంత్రం ఇన్ని గంటల తర్వాత గుమ్మం దాటకూడదు. కాలికి జీపీఎస్ పట్టీ. ఒక ఆఫీసరు ఫోను చేస్తాడు, అప్పుడప్పుడు ఇంటికీ వస్తాడు.

కోర్టు బయటికి రాగానే వాళ్ళ నాన్న లాయర్ని అడిగిన మొదటి మాట ఏమిటో తెలుసా? "ఈ పట్టీకి నెలకెంత కట్టాలండీ?" ఆయన రెండు ఉద్యోగాలు చేస్తాడు. రాత్రంతా నిద్ర లేదు, అయినా లెక్క వేసుకుంటూనే ఉన్నాడు. ఏ కార్డు మీద ఎంత మిగిలింది, ఊళ్ళో అన్నయ్యను అడగాలా, చెల్లెలి పెళ్ళికి దాచింది తీయాలా అని. "కోర్టుకు ఏమీ కట్టక్కర్లేదు" అంది లాయరు. ఆయన నమ్మలేదు. మళ్ళీ అడిగాడు. అమెరికాలో ఊరికే వచ్చేది ఏముంటుంది చెప్పండి?

ఈ సంగతి ఎలాగో గ్రూపులోకి వచ్చింది. అక్కడ మొదలైంది. "మన ప్రాపర్టీ టాక్సులతో దొంగపిల్లలకు పట్టీలా?" అని ఒకరు. "పెంపకం సరిగ్గా లేనివాళ్ళే కట్టుకోవాలి, జేబుకు చిల్లు పడితే గానీ బుద్ధి రాదు" అని ఇంకొకరు. "జైల్లో పెట్టకుండా ఇంటికి పంపినందుకు రోజుకు పది డాలర్లు కట్టలేరా?" అని మూడో ఆయన. ముగ్గురికీ కలిపి నలభై లైకులు. అందులో రోజూ మాతో కలిసి టీ తాగేవాళ్ళ లైకులు కూడా ఉన్నాయి. అందుకే ఈ పోస్టు.

మొదటి మాట. ఆ కుర్రాడు దొంగ అని ఎవరు తేల్చారు?

ఇది పెద్ద ఫిలాసఫీ కాదు. విచారణకు ముందు పెట్టే కాపలా శిక్ష కాదు. నేరం రుజువయ్యాక వేసేది శిక్ష. రుజువయ్యేదాకా పిల్లవాడు కోర్టుకు వస్తాడనీ ఈలోగా ఇంకో గొడవలో పడడనీ కోర్టు చేసుకునే ఏర్పాటు ఈ కాపలా. జడ్జి కుర్చీకి, స్టెనో జీతానికి, కోర్టు గదిలో ఏసీకి ముద్దాయి బిల్లు కడతాడా? మరి కోర్టు తన అవసరం కోసం పెట్టుకున్న పట్టీకి ఎందుకు కట్టాలి? రేపు కేసు కొట్టేస్తే ఆ డబ్బు వెనక్కిస్తారా? ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, తీర్పు రాకముందే బిల్లు పంపితే దాన్ని న్యాయం అనరు.

పిల్లల కోర్టుల్లో "మీ మంచికే చేస్తున్నాం" అన్న మాట ఎంత ప్రమాదమో ఈ దేశం అరవై ఏళ్ళ కిందే చూసింది. 1964లో ఆరిజోనాలో గెరాల్డ్ గాల్ట్ అనే పదిహేనేళ్ళ కుర్రాడు పక్కింటావిడకు అసభ్యంగా ఫోను చేశాడని పట్టుకెళ్ళారు. లాయరు లేడు. ఫిర్యాదు చేసినావిడ కోర్టుకే రాలేదు. ఇరవై ఒకటో ఏడు వచ్చేదాకా ఇండస్ట్రియల్ స్కూల్లో ఉంచవచ్చని పంపేశారు. అదే పని పెద్దవాడు చేస్తే 5 నుంచి 50 డాలర్ల జరిమానా, లేదా మహా అయితే రెండు నెలల జైలు. 1967లో సుప్రీంకోర్టు అది కుదరదంది. పిల్లలకూ ఆరోపణ ఏమిటో ముందే చెప్పాలి, లాయరు ఉండాలి, సాక్షిని ప్రశ్నించే హక్కు ఉండాలి, నోరు మెదపకుండా ఉండే హక్కూ ఉండాలి అని తేల్చింది. మన పిల్లలు ఇవాళ కోర్టులో లాయరు పక్కన నిలబడుతున్నారంటే ఆ కేసు వల్లే. 'మంచి కోసం' అన్న పేరు పెట్టినంత మాత్రాన ఏ పనైనా చేసెయ్యడానికి లేదని ఆ తీర్పు సారం. మంచి కోసం అని పేరు పెట్టి వేసే ఫీజు సంగతీ అంతే.

రెండో మాట. "రోజుకు పది డాలర్లే కదా."

పది డాలర్లే అనేవాళ్ళకు కాలిఫోర్నియా సంగతి చెప్తాం. ఓక్‌లాండ్ ఉండే అలమేడా కౌంటీలో 2016కు ముందు పిల్లల కేసుల్లో రేట్లు ఇలా ఉండేవి. కాలి పట్టీకి రోజుకు 15 డాలర్లు. జువైనల్ హాల్లో ఒక రాత్రికి 25 డాలర్ల 29 సెంట్లు. ప్రొబేషన్ పర్యవేక్షణకు నెలకు 90. డ్రగ్ టెస్టు ఒక్కోసారికి 28 డాలర్ల 68 సెంట్లు. ప్రభుత్వం ఇచ్చిన లాయరుకు 300. రాత్రికింత అని గది అద్దె, టెస్టుకింత, లాయరుకింత. హోటలు బిల్లు చూసినట్టు లేదూ? ఆ హోటల్లో గది ఖాళీ చేసే హక్కు మాత్రం ఉండదు.

ఇప్పుడు లెక్క వేద్దాం. పట్టీ అరవై రోజులు ఉందనుకోండి. 900 డాలర్లు. న్యూజెర్సీలో 2025 కనీస వేతనం గంటకు 15 డాలర్ల 49 సెంట్లు. అంటే తండ్రి రోజూ చేసే పనిలో ఒక గంట పూర్తిగా కొడుకు కాలి పట్టీకి పోతుంది. టాక్సు కోతలు పోను చూస్తే గంట కూడా చాలదు. ఆ గంట ఎక్కడినుంచి తెస్తాడు? ఇంకో షిఫ్టు తీసుకుంటాడు. ఇంకో షిఫ్టు తీసుకుంటే సాయంత్రం ఇంట్లో ఉండడు. కుర్రాడికి అప్పుడు కావలసింది సాయంత్రం ఇంట్లో ఉండే నాన్న. ఫీజు వేసి ఆ నాన్ననే ఇంట్లోంచి లాగేస్తున్నారు. మూలిగే నక్క మీద తాటిపండు అంటే ఇదే.

అదే రాష్ట్రంలో ఆరెంజ్ కౌంటీలో ఒక తల్లి కథ ఉంది. అది కాపలా ఫీజు కాదు, కొడుకును నిర్బంధంలో ఉంచినందుకు వేసిన బిల్లు. పదహారు వేల డాలర్లకు పైమాట. ఆవిడ ఇల్లు అమ్మి తొమ్మిది వేలకు పైగా కట్టింది. మిగతాదానికి కౌంటీ వెంటపడింది. ఆవిడ దివాలా తీసినా వదల్లేదు. 2016లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ళ కోర్టు కౌంటీదే తప్పంది. ఇల్లు మాత్రం తిరిగి రాలేదు.

ఇన్ని కన్నీళ్ళతో ఖజానా అయినా నిండిందా? అదీ లేదు. అలమేడాలో వసూలైన డబ్బులో సగానికి పైగా ఆ వసూలు చెయ్యడానికే ఖర్చయింది. లేనివాడి దగ్గర గుంజడం ఖర్చుతో కూడిన పని. ఉత్తరాలు, కలెక్షన్ ఏజెన్సీలు, కోర్టు కాగితాలు. 2016లో ఆ కౌంటీ వసూళ్ళు ఆపేసింది. మరుసటి ఏడాది రాష్ట్రం చట్టం చేసింది. 2018 జనవరి 1 నుంచి కాలిఫోర్నియా అంతటా పిల్లల కేసుల్లో కొత్తగా ఇలాంటి ఫీజులు వెయ్యడానికి లేదు. టాక్సు డబ్బు వృథా అవుతోందని బాధపడే మిత్రులు ఈ లెక్క రెండుసార్లు చదవండి.

మూడో మాట. "జేబుకు చిల్లు పడితే బుద్ధి వస్తుంది."

ఎవరి జేబుకు? పదహారేళ్ళవాడికి జేబెక్కడిది? తప్పు చేశాడో లేదో తేలనిది ఒకడు, చిల్లు పడేది ఇంకొకరికి. అన్న కేసు వల్ల చెల్లెలి డాన్సు క్లాసు ఆగిపోతుంది. ఆ పిల్ల అన్నను ఎలా చూస్తుంది? వాడికి ఇంట్లో మిగిలిన ఆ ఒక్క తోడు కూడా పోతుంది.

బుద్ధి రావడం గురించి కూడా లెక్కలున్నాయి. 2016లో పెన్సిల్వేనియాలో పిట్స్‌బర్గ్ ఉండే ఆలెఘెనీ కౌంటీలో వెయ్యిమందికి పైగా పిల్లల కేసులు తీసి ఇద్దరు పరిశోధకులు చూశారు. కోర్టు ఫీజులు, జరిమానాలు, బాకీలు ఉన్న పిల్లలే మళ్ళీ కేసుల్లో ఇరుక్కునే అవకాశం ఎక్కువని తేలింది. మనకు ఆశ్చర్యం ఎందుకు? బాకీ ఉన్నవాడు ఏం చేస్తాడో మనకు తెలీదా? ఊళ్ళో వడ్డీ వ్యాపారికి బాకీపడ్డవాడు ఆ వీధిలో నడవడు. ఫీజు బాకీపడ్డ పిల్లవాడు ఆఫీసరు ఫోను ఎత్తడు. ఫోను ఎత్తకపోతే షరతు తప్పినట్టు. షరతు తప్పితే లోపలికి. మొదట ఏ కారు గురించి పట్టుకున్నారో ఆ సంగతి అందరూ మర్చిపోతారు, బాకీ ఒక్కటే మిగులుతుంది.

ఇంకోటి. ఆఫీసరు పని ఏమిటి? పిల్లవాడు బడికి వెళ్ళాడా, నిద్రపోతున్నాడా, పాత స్నేహితులతో తిరుగుతున్నాడా అని చూడటం. ఆ మనిషి చేతికే రసీదు పుస్తకం ఇస్తే అతను బాకీ వసూలుకు వచ్చేవాడవుతాడు. తల్లి తలుపు తీయడానికి భయపడుతుంది. "అమ్మా, వీడు నా మాట వినట్లేదు" అని ఒక్కసారైనా చెప్పుకోవలసిన మనిషితో "వచ్చే వారం కడతానండీ" అని అబద్ధం చెప్తుంది.

పిల్లల కేసుల్లోకి డబ్బు వాసన వస్తే ఎక్కడిదాకా పోతుందో చూడాలంటే దూరం వెళ్ళక్కర్లేదు. మన ఊరి మీంచే పోయే ఇంటర్‌స్టేట్ 80 ఎక్కి పడమరకు రెండు గంటలు పోనివ్వండి. పెన్సిల్వేనియాలో లుజర్న్ కౌంటీ. అక్కడ మార్క్ సియవరెల్లా, మైఖేల్ కొనహన్ అని ఇద్దరు జడ్జీలు. కౌంటీ సొంత నిర్బంధ కేంద్రాన్ని మూయించి, ప్రైవేటు కేంద్రాలకు పిల్లల్ని పంపుతూ, ఆ కేంద్రాల వెనకున్నవాళ్ళ దగ్గర ఇరవై ఆరు లక్షల డాలర్లకు పైగా పుచ్చుకున్నారు. చిన్న చిన్న తప్పులకు పిల్లల్ని సంకెళ్ళతో లోపలికి పంపారు. చాలామందికి లాయరు కూడా లేడు. 2009లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు వేల కేసులు కొట్టేసింది. 2011లో సియవరెల్లాకు 28 ఏళ్ళు, కొనహన్‌కు పదిహేడున్నర ఏళ్ళ శిక్ష పడింది. కంచే చేను మేసింది. ఫీజుకూ లంచానికీ తేడా లేదని మేం అనట్లేదు. ఒకటి చట్టం, ఒకటి నేరం. కానీ పిల్లవాణ్ని ఎంతకాలం పట్టుకుంటే అంత డబ్బు వచ్చే ఏర్పాటు ఏదైనా సరే, వదిలేయాల్సిన చెయ్యి వదలదు. రోజుకింత అని వచ్చే పట్టీ ఇంకో నెల ఉంటే ఏం పోయింది అనిపిస్తుంది.

నాలుగో మాట. "జైలుకన్నా నయం కదా, కట్టి ఇంట్లో ఉంచుకోండి."

ఇది చాలామందికి నచ్చిన మాట. నిజం చెప్పాలంటే మాలో ఒకరికీ మొదట సబబుగానే అనిపించింది. తల్లిదండ్రుల్ని అడిగితే కడతామనే అంటారు. ఎవరనరు? పిల్లవాణ్ని లోపల పెడతాం అని చెప్పి కడతారా అంటే కిడ్నీ అయినా ఇస్తారు. భయపెట్టి ఒప్పించినదాన్ని ఒప్పందం అనరు. అసలు లెక్క చూడండి. పిల్లవాణ్ని నిర్బంధ కేంద్రంలో ఉంచితే రాత్రీ పగలూ సిబ్బంది, తిండి, చదువు, వైద్యం, అన్నీ ప్రభుత్వానివే. ఇంటి దగ్గర కాపలాకు దానిలో ఏ కొద్ది భాగమో అవుతుంది. తిండి ఇంట్లోది, మంచం ఇంట్లోది, కరెంటు ఇంట్లోది. పిల్లవాణ్ని ఇంట్లో ఉంచుకుని ఆ తల్లిదండ్రులు కౌంటీకి డబ్బు మిగిలిస్తున్నారు. మిగిల్చినవాడికే బిల్లు పంపడం ఏ లెక్క?

న్యూజెర్సీకి ఈ సంగతి అనుభవం మీద తెలుసు. 2004 నుంచి ఈ రాష్ట్రం పిల్లల్ని అనవసరంగా లోపల పెట్టడం తగ్గించే ప్రయత్నం మొదలుపెట్టింది. కొన్ని కౌంటీల్లో మొదలై తర్వాత రాష్ట్రమంతా పాకింది. ఇంట్లో ఉంచి చూసుకోవడం, సాయంత్రం కార్యక్రమాలు, పట్టీలు, ఇవన్నీ దానిలోవే. నిర్బంధంలో ఉండే పిల్లల సంఖ్య సగానికి పైగా తగ్గింది. 2020 జనవరిలో గవర్నర్ మర్ఫీ సంతకం పెట్టిన చట్టం పిల్లలకు శిక్షగా జరిమానా వేసే పద్ధతే తీసేసింది. తర్వాత ఇంకొన్ని ఫీజులూ పోయాయి. బాధితుడికి జరిగిన నష్టం పూడ్చమనడం ఇప్పటికీ ఉంది. అది ఉండాలి కూడా, దాంతో మాకు పేచీ లేదు. పక్కింటి అద్దం పగలగొడితే అద్దం ఖరీదు ఇవ్వాల్సిందే, తేలిన తర్వాత. కాపలావాడి జీతం మాత్రం ముద్దాయి ఇవ్వక్కర్లేదు.

అయిదో మాట, "టాక్సులతో కాకపోతే వేరే ఫీజులతో నడపొచ్చు కదా" అనే తెలివైనవాళ్ళకు. అదీ ఇక్కడే చూశాం.

2017 జనవరి 1 నుంచి న్యూజెర్సీలో పెద్దవాళ్ళ కేసుల్లో డబ్బు బెయిలు దాదాపు పోయింది. దాని బదులు విచారణకు ముందు పర్యవేక్షణ వచ్చింది. మంచి మార్పు. దానికి డబ్బు ఎక్కడిది? 2014లో చేసిన చట్టంలో కోర్టు దాఖలు ఫీజులు 50 డాలర్ల దాకా పెంచుకోమన్నారు. ఆ పెంపు డబ్బు ఒక నిధిలో వేసి, మొదటి 2 కోట్ల 20 లక్షల డాలర్లు పర్యవేక్షణకు కేటాయించారు. ముద్దాయి దగ్గర తీసుకోలేదు, బాగుంది. కానీ తీసుకున్నది ఎవరి దగ్గర? విడాకులకు వచ్చినవాళ్ళ దగ్గర, చిన్న బాకీ కోసం కేసు వేసినవాళ్ళ దగ్గర, అద్దె కేసు వేసిన ఓనర్ల దగ్గర. ఓనరు కట్టిన ఫీజు చివరికి ఎవరి లెక్కలో కలుస్తుందో అద్దె ఇళ్ళలో ఉండే మాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

సరే, నడిచిందా? నిధి రాబడి పెరిగేది కాదు, సిబ్బంది జీతాలు పెరిగేవి. ఇది ఇలా నిలబడదని, స్థిరమైన బడ్జెట్ కావాలని న్యాయశాఖే శాసనసభకు పంపిన నివేదికల్లో మొదటి ఏళ్ళనుంచే మొత్తుకుంది. కోర్టుల్లో సివిల్ కేసులు తగ్గితే పర్యవేక్షణకు డబ్బు తగ్గే ఏర్పాటు అది. ఊళ్ళో విడాకులు ఎక్కువైతే తప్ప కుర్రాళ్ళ మీద కాపలా నడవదంటే అదేం ఏర్పాటు? రోడ్లకూ ఫైరింజన్లకూ లాగే దీనికీ బడ్జెట్‌లోంచి డబ్బు పెట్టాలి. ఇల్లు కాలినవాడి దగ్గర నీళ్ళకు బిల్లు తీసుకోం కదా.

ఇప్పుడు మన సంగతి. అసలు కడుపుమంట ఇక్కడ.

2024 మే గుర్తుందా? పుణెలో పోర్షే కారు. పదిహేడేళ్ళ కుర్రాడు, ఇద్దరు యువ ఇంజినీర్లు చచ్చిపోయారు. కొన్ని గంటల్లోనే బెయిలు, 300 పదాల వ్యాసం రాయమన్నారు. మన గ్రూపంతా భగ్గుమంది. మేమూ భగ్గుమన్నాం. రక్తం నమూనాలు మార్చారన్న ఆరోపణ మీద డాక్టర్లను అరెస్టు చేశారని తెలిసి ఇంకా మండిపడ్డాం. దేనికి అంత కోపం వచ్చింది? డబ్బున్నవాడి పిల్లవాడికి ఒక న్యాయం, లేనివాడి పిల్లవాడికి ఇంకో న్యాయం అనే కదా? మరి రోజుకు ఇన్ని డాలర్లు కట్టగలిగినవాడి కొడుకు ఇంట్లో, కట్టలేనివాడి కొడుకు లోపల అనే పద్ధతి దానికి ఏమవుతుంది? అదే అన్యాయాన్ని వాయిదాల్లో కట్టించుకోవడం. పుణె మీద పెట్టిన స్టేటస్ మర్చిపోయి పార్సిప్పనీలో లైకు కొట్టారు.

ఇండియా చట్టం ఎంత గట్టిగా చెప్తుందో కూడా చూడండి. 2015 జువైనల్ జస్టిస్ చట్టం పన్నెండో సెక్షన్ ప్రకారం పిల్లవాణ్ని జామీనుతో గానీ, జామీను లేకుండా గానీ బెయిలు మీద వదలొచ్చు. లేదా ప్రొబేషన్ ఆఫీసరు పర్యవేక్షణలోనో తగిన మనిషి సంరక్షణలోనో పెట్టొచ్చు. ఆ కాపలాకు రోజు రేటు ఏదీ రాయలేదు. అమలు ఎలా ఉంటుందో సైదాబాద్ హోమ్ గేటు దగ్గర నిలబడ్డ తల్లుల్ని అడిగితే చెప్తారు. అది వేరే పోస్టు. కాగితం మీదైనా సరే, మనం వదిలొచ్చిన దేశం చట్టంలో లేని బిల్లును ఈ దేశంలో మనమే అడిగి పెట్టించుకుందామా?

మన తెలుగువాళ్ళలో ఇంకో జబ్బుంది. పరువు. "ఎంతైనా కట్టేద్దాం, బయటికి రాకుండా చూడండి." కట్టగలిగినవాళ్ళు నోరెత్తకుండా కట్టేస్తారు, గుళ్ళో కనిపిస్తే ఏమీ జరగనట్టు నవ్వుతారు. అందుకే ఫీజు మనకు తప్పుగా కనిపించదు. అది మనకు పరువు ఖరీదులా కనిపిస్తుంది. కానీ మన పక్క బెంచీలో కూచున్న స్పానిష్ మాట్లాడే తల్లికి ఆ ఖరీదు పెట్టే స్థోమత ఉండదు. మనలోనే గ్యాస్ స్టేషన్లలో, హోటలు వంటగదుల్లో కాగితాల భయంతో పనిచేసేవాళ్ళకూ ఉండదు. తెలుగువాళ్ళంటే అందరూ ఆరంకెల జీతాలు అనుకునేవాళ్ళు ఒకసారి రాత్రి పదకొండుకు రూట్ 46 మీదికి రండి.

వీసా మీద ఉన్నవాళ్ళకు ఒక మాట, అడిగారు కాబట్టి. జువైనల్ కోర్టు నిర్ణయం ఇమ్మిగ్రేషన్ చట్టం కింద 'కన్విక్షన్' కాదని బోర్డ్ ఆఫ్ ఇమ్మిగ్రేషన్ అప్పీల్స్ 2000లోనే చెప్పింది. అంతమాత్రాన ఏమీ కాదని ధీమాగా ఉండొద్దు. దరఖాస్తుల్లో అడిగే ప్రశ్నలు వేరే, అధికారి విచక్షణ వేరే. క్రిమినల్ లాయర్నీ ఇమ్మిగ్రేషన్ లాయర్నీ ఇద్దర్నీ అడగండి. గ్రూపులో అడగొద్దు.

"న్యూజెర్సీలో ఫీజు లేదు కదా, మరి ఎందుకీ గోల?" అంటారు. ఎందుకంటే చట్టాలు ఆకాశం నుంచి ఊడిపడవు, అలాగే ఉండిపోవు. బడ్జెట్‌కు కోత పడిన ఏడాది ఎవరో ఒకరు లేచి "వాడుకున్నవాళ్ళే కట్టాలి" అంటారు. అప్పుడు మన నలభై లైకులు అక్కడ చేతులై లేస్తాయి. ఇప్పటికీ పిల్లల దగ్గర, తల్లిదండ్రుల దగ్గర ఇలాంటి ఫీజులు తీసుకునే రాష్ట్రాలు చాలా ఉన్నాయి. ప్రాజెక్టు మారితే రేపు మనం ఆ రాష్ట్రాల్లోనే ఉంటాం.

మేం అడిగేవి మూడే. ఒకటి, విచారణకు ముందు పిల్లల మీద పెట్టే కాపలాకు, పట్టీకి, పరీక్షకు ఏ పేరుతోనూ ఇంటివాళ్ళ దగ్గర డబ్బు తీసుకోకూడదు, ఇక్కడా, ఎక్కడా. రెండు, ఆ ఖర్చు ఇంకెవరి కోర్టు ఫీజుల మీదా వేలాడకుండా నేరుగా బడ్జెట్‌లోంచి రావాలి. మూడు, ఇది ప్రభుత్వానికి కాదు, మనకు. ఒక ఇంట్లో ఇలాంటిది జరిగితే గ్రూపులో తీర్పులు రాయకండి. వండుకున్న కూర ఒక గిన్నెడు పట్టుకెళ్ళండి. ఆ తండ్రి షిఫ్టులో ఉంటే సాయంత్రం కాసేపు ఆ కుర్రాడి పక్కన కూర్చుని లెక్కలు చెప్పండి. మీలో ఎంతమందికి ఇంజినీరింగు డిగ్రీలు లేవు?

మొన్న ఆదివారం మేం వెళ్ళాం. కుర్రాడు సోఫాలో కూచుని ప్యాంటు అంచు కిందికి లాక్కుంటున్నాడు, పట్టీ కనపడకుండా. వాళ్ళమ్మ టీ ఇచ్చింది. నాన్న పనిలో ఉన్నాడు, ఒకటే పనిలో. రెండోది ఈ నెలకు మానేశాడట, సాయంత్రాలు ఇంట్లో ఉండటానికి. పట్టీకి బిల్లు వచ్చి ఉంటే ఆ పని మానేవాడు కాదు. ఆ సాయంత్రాలు వాడికి దక్కేవి కావు. ఫీజు గురించి మాకున్న వాదనంతా ఇదే.

తిట్టాలనుకున్నవాళ్ళు కింద తిట్టండి, జవాబు చెప్తాం. ఆ కుర్రాడెవరని మాత్రం అడగకండి. అడిగినవాళ్ళ కామెంటు తీసేస్తాం.